ఆడబాప: ఒక నవలాపదం అర్థాన్వేషణ, దాని వెనుక చరిత్ర

వ్యాససంగ్రహం

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) నవలలో ‘ఆడబాప’ అనే పదం ఉంది. నేటి పాఠకులు సందర్భాన్ని బట్టి దీనికి పనిమనిషి అనో దాసి అనో అర్థం చెప్పుకొని ముందుకు సాగుతారు. ఆ అర్థాలు తప్పు కావు, కానీ చాలవు. ఈ పదం నిర్మాణాన్ని, నవలలో దాని స్థానాన్ని, నిజాం రాష్ట్రపు తెలంగాణలో దాని వెనుక ఉన్న ఆచారాన్ని కలిపి చదివితే తప్ప పూర్తి అర్థం తేలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలనకు సూర్యాపేట తాలూకాలోని తుంగతుర్తి ప్రాంతాన్నీ, దాని పొరుగునే ఉన్న రచయిత స్వస్థలాన్నీ భూమికగా తీసుకుంది.

కీలకపదాలు: ఆడబాప, గడి, వెట్టి, అరణం, చిల్లర దేవుళ్లు, తుంగతుర్తి, తెలంగాణ నవల.

1. ఉపోద్ఘాతం

తెలియని పదం ఎదురైనప్పుడు నవల చదివే పాఠకుడు సాధారణంగా ఆగడు. కావ్యం చదివేవాడు ఆగుతాడు, ఎందుకంటే అక్కడ పదం తెలియకపోతే పద్యం నడవదు. నవలలో కథ నడుస్తూనే ఉంటుంది. సందర్భం ఏదో ఒక అర్థాన్ని చేతికి అందిస్తుంది, పాఠకుడు దానితో తృప్తిపడతాడు. తెలంగాణ నవలల విషయంలో ఈ తృప్తి కొన్నిసార్లు నష్టం కలిగిస్తుంది.

‘చిల్లర దేవుళ్లు’ పోరాటానికి ముందటి తెలంగాణ గ్రామాన్ని చిత్రించిన నవల. సంభాషణల్లో తెలంగాణ మాండలికాన్ని ధైర్యంగా వాడిన తొలితరం నవలల్లో ఒకటి. దొర, గడి, వెట్టి, కరణం, పటేలు వంటి పదాలు ఇందులో అడుగడుగునా కనిపిస్తాయి. తెలంగాణ చరిత్రతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి కూడా వీటి అర్థం తెలుసు. ‘ఆడబాప’ మాత్రం వీటి పక్కనే ఉన్నా వీటివలె తెలిసిన పదం కాదు. నవలలో వనజ అనే యువతి దేశ్‌ముఖ్ గడిలో ఆడబాప. ఆమె పనులు చేస్తుంది కనుక పనిమనిషి అనుకోవడం సులభం. అలా అనుకున్న పాఠకుడికి, ఆమె జీతం ఎంత, ఇల్లు ఎక్కడ, పని మానుకొని ఎందుకు వెళ్లిపోదు అన్న ప్రశ్నలు తోచకపోవచ్చు. తోచినా వాటికి జవాబు దొరకదు.

రచయిత స్వగ్రామం చినగూడూరు. నేడది మహబూబాబాదు జిల్లాలో ఉంది, అప్పట్లో వరంగల్లు జిల్లా మానుకోట ప్రాంతం. సూర్యాపేట తాలూకా ఉత్తర భాగమైన తుంగతుర్తి ప్రాంతానికి అది పొరుగు. తుంగతుర్తికి వాయవ్యంగా జనగామ తాలూకా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ తాలూకాలోనే. నవలలోని ఊరు కల్పితమైనా, అందులోని భాష, ఆచారం ఈ నేలవే. భూమి ఏ స్థాయిలో పోగుపడిందో చెప్పడానికి పుచ్చలపల్లి సుందరయ్య చూపే ఉదాహరణల్లో సూర్యాపేట తాలూకాకు చెందిన జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒకరు. ఆయన అధీనంలో లక్షన్నర ఎకరాలు ఉండేవని సుందరయ్య రాశారు. అంతటి భూమి ఉన్నచోట ఇల్లు ఇల్లుగా ఉండదు, గడి అవుతుంది. గడి నడవాలంటే లోపల మనుషులు కావాలి. ‘ఆడబాప’ ఆ లోపలి మనుషుల్లో ఒకరికి పేరు.

2. పాఠకుడు తప్పిపోయే దారులు

పదాన్ని విడదీయడం మొదలుపెట్టగానే పొరపాటు దారులు ఎదురవుతాయి. వాటిని తోసిపుచ్చే ముందు పరిశీలించడం అవసరం. అవన్నీ పైకి సబబుగానే కనిపిస్తాయి మరి.

మొదటిది ‘బాపు’. తెలంగాణలో చాలాచోట్ల తండ్రిని బాపు అంటారు. ‘ఆడబాప’లో వినిపించేది ఆ బాపేనా? తండ్రి అనే అర్థానికి ‘ఆడ’ అనే విశేషణం అతకదు. పైగా అది ఉకారాంతం, ఇది అకారాంతం. పేదింటి పిల్ల దొరను బాపు అని పిలవవచ్చునేమో కానీ, ఆ పిలుపు ఆమెకే పేరుగా మారడానికి భాషలో దారి లేదు.

రెండవది ‘బాపడు’. బ్రాహ్మణుడనే అర్థంలో బాపడు, బాపనయ్య, బాపనమ్మ వాడుకలో ఉన్నవే. రూపం మాత్రమే చూస్తే ‘ఆడ’ చేరిన ‘బాప’ బ్రాహ్మణ స్త్రీ అయ్యే అవకాశం ఉంది. వ్యాకరణం దీనికి అంతగా అడ్డుచెప్పదు, అడ్డుచెప్పేది కథ. గడిలో ఆడబాప చేసే పనులు, ఆమెతో దొర, దొరసాని మెలిగే తీరు బ్రాహ్మణ స్త్రీతో మెలిగే తీరు కాదు. పదరూపం నుండి తీసిన అర్థాన్ని పాత్ర ప్రవర్తనతో సరిచూడకపోతే ఎంత దూరం పోగలమో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

మూడవది కొంచెం సూక్ష్మమైనది, ‘తోడుపెళ్లికూతురు’. పెళ్లికూతురి వెంట అత్తవారింటికి వెళ్లే అమ్మాయి అని ఎవరైనా ఆడబాపను వర్ణిస్తే, వినేవారికి మనసులో మెదిలేది తోడుపెళ్లికూతురే. తోడుపెళ్లికూతురు చుట్టాలమ్మాయి. కొత్త బట్టలు కట్టుకొని, కొత్త పెళ్లికూతురికి బెరుకు తీరేదాకా ఉండి తిరిగివస్తుంది. ఆడబాపకు ఆ తిరుగుప్రయాణం లేదు. పెళ్లికూతురి పక్కన నడిచే ఇద్దరమ్మాయిలను వేరుచేసేది ఆ ఒక్క అంశమే.

3. ఆడబడుచు, ఆడబాప

సరైన దారి తెలుగువారందరికీ తెలిసిన ఒక పదంలో ఉంది. అది ‘ఆడబడుచు’.

ఆడు, పడుచు అనే రెండు పదాల కలయిక ఆడబడుచు. సమాసంలో నడుమ నకారం చేరి, పరుషమైన పకారం సరళమైన బకారంగా మారడం తెలుగు సంధులలో సుపరిచితమే. ఆ నకారం పాత రాతలో అరసున్నగా మిగిలేది, నేటి రాతలో అదీ పోయింది. ‘ఆడు’ చివరి ఉకారం కూడా వాడుకలో అకారమైంది. ఇదే క్రమాన్ని ఆడు, పాప అనే పదాలకు వర్తింపజేస్తే లభించేది ఆడబాప. పడుచు బడుచు అయినట్లే పాప బాప అయింది.

ఈ వివరణను బలపరిచే సాక్ష్యం తెలంగాణ పలుకుబడిలోనే ఉంది. ఇదే పదం ‘ఆడిబాప’గా కూడా వినిపిస్తుంది. తెలంగాణలో ఆడపిల్లను ‘ఆడివిల్ల’ అనీ, ఆడబిడ్డను ‘ఆడిబిడ్డ’ అనీ అనడం ఉంది. ఆడివిల్ల, ఆడిబిడ్డ, ఆడిబాప మూడూ ఒకే అచ్చులో పోసిన పదాలు. పిల్ల, బిడ్డ, పాప మూడూ ఇంటి సంతానాన్ని ముద్దుగా పిలిచే మాటలే. ‘పాప’కు నిఘంటువులు చెప్పే అర్థాలు శిశువు, కంటిపాప. కంటిలో కనిపించే చిన్న మనిషిబొమ్మను బట్టి వచ్చిన రెండవ అర్థం కూడా మమకారం నిండినదే. కళ్లలో పెట్టుకొని చూసుకోవడం అనే మాట ఊరకే పుట్టలేదు.

ఇక్కడ అసలు చిక్కు మొదలవుతుంది. పదాన్ని విప్పితే వచ్చినది ‘ఆడపిల్ల’. గడిలో ఆ పదం సూచించినది మాత్రం కూలి లేని, ఇల్లు లేని, కదలే హక్కు లేని స్త్రీని. వ్యుత్పత్తి సరిగ్గా తేలింది, అర్థం తేలలేదు. వ్యుత్పత్తి దొరకగానే పని ముగిసిందనుకునే అలవాటు పదపరిశోధనలో ఉంది. ఈ పదం విషయంలో ఆ అలవాటు అసలు సంగతిని కప్పిపెడుతుంది.

బానిసను బిడ్డ పేరుతో పిలవడం తెలంగాణకే పరిమితం కాదు. ప్రాచీన గ్రీకుభాషలో పిల్లవాడికీ బానిసకూ ‘పైస్’ అనే ఒకే పదం ఉండేది. లాటిన్‌లో ‘ప్యుయెర్’ అలాంటిదే. ఆంగ్లేయ దొరల బంగళాలలో నలభై యేళ్ల నౌకరు కూడా ‘బోయ్’గానే ఉండిపోయాడు. వయసు వచ్చినా పెద్దరికం రానివ్వని పిలుపులు ఇవి. ఎప్పటికీ పాపగా ఉండే మనిషికి పెళ్లి, ఇల్లు, ఆస్తి, మాట అన్నవి ఉండవలసిన అవసరం లేదు. ఆడబాప ముసలిదైనా ఆడబాపే.

4. గడి చెప్పే అర్థం

తెలుగులో స్త్రీ సేవకురాలికి మాటల కొరత లేదు. దాసి, దాది, పనికత్తె, ఊడిగపుకత్తె, తొత్తు, బానిస వీటిలో కొన్ని. ఇన్ని ఉండగా తెలంగాణ గడి ‘ఆడబాప’ను ఎందుకు విడిగా వాడిందన్న ప్రశ్నకు జవాబు ఆమె స్థితిలోని ప్రత్యేకతలో ఉంది. ఆ స్థితిని పోల్చిచూస్తేనే అది బయటపడుతుంది.

వెట్టివాడు పిలిచినప్పుడు పోవాలి, కూలి లేకుండా పనిచేయాలి. చాకలి, కుమ్మరి, మంగలి, మాల, మాదిగ కులాల వారితోపాటు గొల్ల, గౌడ, సాలె మొదలైన వృత్తుల వారు కూడా ఏదో ఒక రూపంలో దొరకు వెట్టి చెల్లించినవారే. అయినా వెట్టివాడికి ఊళ్లో ఒక గుడిసె ఉంది, పొద్దుగుంకాక తిరిగి వెళ్లే చోటు ఉంది. గ్రామసేవకు గుర్తింపుగా కొన్ని కులాలకు ఇనాం చెలకలు, పంట కళ్లంలో మేర వంటి హక్కులు పేరుకైనా ఉండేవి. జీతగాడికి ఏడాది లెక్క ఉంటుంది. భగేలా అప్పు తీర్చుకోలేక తరతరాలు దొర పొలంలో మగ్గేవాడు. అతని బంధానికి మూలం అప్పు, ఆ అప్పుకు ఒక అంకె ఉండేది. ఆ అంకె ఎంత మోసపూరితమైనా, తీర్చితే విడుదల అనే ఊహకు చోటు మిగిలేది.

ఆడబాపకు వీటిలో ఏదీ లేదు. ఆమె గడిలోనే ఉంటుంది, గడిలోనే తిని పడుకుంటుంది. ఆమెను తెచ్చింది అప్పు కాదు, కనుక తీర్చవలసినది లేదు. ఆమెకు వృత్తి లేదు, కనుక వృత్తితో వచ్చే మేర లేదు. దొరసానికి తలదువ్వడం నుండి వచ్చిన అతిథికి స్నానానికి నీళ్లు తోడడం వరకు అన్నీ ఆమె పనులే. దొర కోరినప్పుడు ఆమె శరీరం కూడా ఆ పనులలో ఒకటి. వచ్చిన పెద్దమనుషులకు మర్యాద చేయడమంటే కొన్ని గడులలో ఆ మర్యాదలో ఆడబాప కూడా భాగమే.

సుందరయ్య ఆంగ్లంలో 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి రూపాలను ఒక్కొక్కటిగా వివరించి, వాటన్నిటిలో హీనమైనది భూస్వాముల ఇళ్లలో ఆడపిల్లలను బానిసలుగా ఉంచుకోవడమని పేర్కొన్నారు. కూతుళ్ల పెళ్లిళ్లలో ఈ పిల్లలను కానుకగా వెంట పంపేవారనీ, దొరలు వీరిని ఉంపుడుకత్తెలుగా వాడుకునేవారనీ ఆయన రాశారు. ‘చిల్లర దేవుళ్లు’ అంతకు మూడేళ్ల ముందే వచ్చింది. రాజకీయ చరిత్ర ఒక పేరాలో చెప్పిన విషయానికి నవల అంతకు ముందే ఒక మనిషినీ, ఆమెకొక పేరునూ ఇచ్చింది.

ఇక నవలలోని ఇద్దరు యువతులను పక్కపక్కన నిలిపి చూడాలి. గడిలో దొర కూతురు మంజరి, ఆడబాప వనజ. ఒకే కప్పు కింద ఉంటారు. మంజరి పెళ్లయి వెళ్తే పుట్టింటికి ఆడబడుచు అవుతుంది. పండుగకు పిలుపు, పసుపుకుంకుమలు, చీరసారెలు ఆమె హక్కు. వనజ పేరు కూడా అదే మూసలో పోసినది, ఆడబాప. ఆమెకు పుట్టిల్లూ లేదు, అత్తిల్లూ లేదు. ఒక ఆడపడుచు పెళ్లి పల్లకీ వెంట ఒక ఆడపాప నడిచిపోయే దృశ్యంలో రెండు పదాలూ కలిసే ఉన్నాయి. పల్లకీలో ఉన్నది కూతురు. పక్కన నడిచేది ఆ కూతురి ఆస్తి. పనిమనిషి అనే అర్థంలో ఈ బంధం కనిపించదు. దాసి అనే అర్థంలో బానిసత్వం కనిపిస్తుంది కానీ, పెళ్లితో ముడిపడిన ఆచారం కనిపించదు. ఆడబాప ఎవరో ఒకరి ఆడబాప. ఆమెను ఇచ్చినవారు ఉన్నారు, పుచ్చుకున్నవారు ఉన్నారు.

ఇందులో దొరసాని పాత్ర కూడా మరువరానిది. పుట్టింటి నుండి తనతో వచ్చిన ఆడబాప దొరసానికి పరాయి ఇంట్లో ఏకైక తోడు. భర్త పడకకు చేరువైన రోజున అదే ఆడబాప ఆమెకు శత్రువు. బి. నరసింగరావు ‘దాసి’ (1988) చిత్రం ఈ కోణాన్ని చాలా నిర్దాక్షిణ్యంగా చూపింది. 1920ల నాటి తెలంగాణ గడిలో కమలాక్షి అనే దాసి కథ అది. దొర వల్ల ఆమె గర్భవతి అవుతుంది, ఆ గర్భాన్ని ఉంచుకునే స్వేచ్ఛ ఆమెకు దొరకదు. కమలాక్షిగా నటించిన అర్చన జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందారు. చిత్రానికి పేరు మాత్రం ‘దాసి’ అనే అందరికీ తెలిసిన సంస్కృతపదంతో పెట్టారు. దేశమంతటి ప్రేక్షకులకు అది సౌకర్యమే, కానీ తెలంగాణ పదానికి తెరపై దొరకగలిగిన చోటు దొరకలేదు.

5. అరణం

కూతురితో దాసీలను పంపే ఆచారం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. దానికి ‘అరణం’ అనే గౌరవప్రదమైన మాట ఉంది. భాగవతం దశమస్కంధంలో దేవకి పెళ్లికి దేవకుడు ఇచ్చిన కానుకల పట్టికలో ఏనుగులు, గుర్రాలు, రథాలతోపాటు అలంకరించిన రెండు వందల మంది దాసీలున్నారు. చదివేవారు ఏనుగుల సంఖ్యకు ఆశ్చర్యపడి ముందుకు సాగుతారు. ఆ రెండు వందల మందిలో ఒకరి పేరూ అక్కడ లేదు.

ఆడబాప కథకు మరింత దగ్గరిది యయాతి కథ. దేవయాని పెళ్లితో శర్మిష్ఠ ఆమెకు దాసిగా యయాతి ఇంటికి వెళుతుంది. యయాతి వల్ల ఆమెకు ద్రుహ్యుడు, అనువు, పూరువు పుడతారు. దేవయాని కోపం, శుక్రుని శాపం, ముసలితనం అన్నీ ఆ తరువాతివే. గడిలో దొర, దొరసాని, ఆడబాపల త్రికోణం ఇదే. ఈ కథను తొలి అచ్చతెలుగు కావ్యంగా మలచిన పొన్నెగంటి తెలగన తన ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరువులో ఉన్న అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. అంటే తత్సమం తగలని తెలుగులో ఈ కథ తొలిసారి వినబడినది తెలంగాణ నేలపైనే. పురాణానికీ గడికీ తేడా ముగింపులో ఉంది. శర్మిష్ఠ కొడుకు పూరువు రాజయ్యాడు. శర్మిష్ఠ రాజకుమార్తె కావడం అందుకు ఒక కారణం. ఆడబాప కొడుకు గడిలో మరొక పనివాడయ్యాడు.

ధర్మశాస్త్రం ఈ కొడుకు గురించి మౌనంగా ఏమీ లేదు. శూద్రునికి దాసియందు పుట్టిన కొడుకు తండ్రి ఇష్టప్రకారం భాగం పొందవచ్చునని, తండ్రి పోయాక సోదరులు అతనికి సగం వంతు ఇవ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. మితాక్షర దాన్ని వ్యాఖ్యానించింది. ఆ మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యంలోకి తెచ్చాడు. వర్ణవ్యవస్థ లెక్కలో దొరలలో పెక్కుమంది ఈ సూత్రం పరిధిలోకి వచ్చే కులాలవారే. అయితే గ్రంథంలోని భాగం గడిలో పంపకం కావాలంటే అడిగే నోరు ఉండాలి. తల్లికి లేని నోరు కొడుక్కి ఎక్కడిది? అతనికి మిగిలింది ఒక తిట్టు. ‘తొత్తుకొడుకు’ అనే తిట్టును నేటికీ ఎందరో అర్థం ఆలోచించకుండా వాడతారు. తొత్తు అంటే స్త్రీ బానిస. ఆ తిట్టులో చెప్పబడిన కొడుకు ఒకప్పుడు నిజంగా ఉన్నవాడే.

ఇటువంటి ఆచారం రాజపుత్ర సంస్థానాలలోనూ ఉండేది. అక్కడ వధువు వెంట వచ్చే పరిచారికలను ‘డావడీ’లు అనేవారు. దక్కనులోని ఒక భాష, ఒక మతం, ఒక కులం మాత్రమే కనిపెట్టిన వ్యవస్థ కాదిది. పెద్ద భూమి, పెద్ద ఇల్లు, పెద్ద పెళ్లి ఉన్నచోటల్లా ఇది ఏదో ఒక పేరుతో కనిపిస్తుంది.

6. కోశాలు, దస్తావేజులు

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాస్తున్నప్పుడు పూర్వకవుల ప్రయోగాల్లో అర్థం తేలని పదాలెన్నో ఆయనకు ఎదురయ్యాయి. నిఘంటువులు అటువంటి చోట్ల చేతులెత్తేయడం గురించి ఆయన పదేపదే విసుక్కున్నారు. ఆటలు, వంటలు, బట్టలు, పనిముట్లు తెలిసిన పల్లెవారిని అడిగితే తేలే పదాలను పండితులు పక్షివిశేషం, భక్ష్యవిశేషం అని వదిలేయడం ఆయనకు నచ్చలేదు. పదాల నుండి సాంఘిక చరిత్రను రాబట్టవచ్చునన్న ఆయన పద్ధతి నవలలకు కూడా వర్తిస్తుంది. కావ్యాల కంటే నవలల్లో ఆ అవసరం తక్కువ అనుకోవడం పొరపాటు.

కోశనిర్మాణంలోనే ఆడబాప వంటి పదానికి ఒక ఇబ్బంది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ సంపుటంతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు తెలుగు పదసేకరణలో మైలురాళ్లు. వ్యవసాయం, చేనేత వంటి వృత్తులను ఆధారంగా చేసుకొని ఊరూరా తిరిగి పదాలు సేకరించారు. కానీ వృత్తే లేని మనిషిని సూచించే పదాన్ని ఏ సంపుటంలో వెతకాలి? ఆడబాప రైతు కాదు, నేతగత్తె కాదు, కుమ్మరి కాదు. సాహిత్యనిఘంటువులు కావ్యప్రయోగం కోసం చూస్తాయి, మాండలికకోశాలు వృత్తి కోసం చూస్తాయి. ఈ రెండు వలల నడుమ జారిపోయేందుకు అనువైన పదమిది.

ప్రభుత్వ దస్తావేజుల్లోనూ ఇదే పరిస్థితి. సేత్వారులో, పహాణీలో భూమి ఉన్నవాడి పేరు, సాగుచేసేవాడి పేరు ఉంటాయి. భూమితో సంబంధం లేని ఆమె అక్కడ ఉండదు. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలపై నిబంధనలు తెచ్చింది. అప్పుపేరుతో జరిగే వెట్టిని అదుపు చేయడం వాటి ఉద్దేశం. అమలు సంగతి అటుంచితే, ఒప్పందమే లేని ఆడబాప వాటి చూపులో పడే అవకాశం లేదు. అప్పుకు మాత్రమే కాక ఆచారానికి, పుట్టుకకు కట్టుబడి చేసే పనిని కూడా వెట్టిగా గుర్తించిన నిర్వచనం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టంలో వచ్చింది. అప్పటికి గడులు చాలావరకు పాడుబడ్డాయి.

ఈ పరిస్థితిలో నవల కేవలం సాహిత్యకృతి కాదు, సాక్ష్యం కూడా. అయితే ఈ మాటను జాగ్రత్తగా వాడాలి. రంగాచార్య ఆ నేలమీద పెరిగినవారు, పోరాటంలో పాల్గొన్నవారు. పోరాటం గెలిచిన విలువలతో వెనక్కి తిరిగి చూసి రాసిన నవల ఇది. గడిని చిత్రించేటప్పుడు ఆయనకు ఒక పక్షం ఉంది, దాన్ని దాచుకోలేదు. పాత్రల మనసులను ఆయన ఊహించి ఉండవచ్చు. ‘ఆడబాప’ అనే పదాన్ని మాత్రం ఊహించలేదు. దాన్ని ఆయన ఊరే ఇచ్చింది.

7. పదం వాడుక నుండి తొలగిన తీరు

తుంగతుర్తి మండలంలోని కర్విరాల కొత్తగూడెం భూస్వామి కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం కథ ఇక్కడ ప్రస్తావించవలసినది. ఆంధ్రమహాసభ వెట్టికి వ్యతిరేకంగా పిలుపునిచ్చిన రోజుల్లో, పదేళ్లు దాటీ దాటని వయసులో, ఆమె సొంత ఇంటి ధాన్యాన్ని పనివారికి పంచింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి అప్పటికే ఆ ఉద్యమంలో ఉన్నారు. ఇదే ప్రాంతపు దక్షిణభాగంలో, హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. వెట్టి గురించి సభల్లో మాట్లాడుకున్న సమయమది. ఆ ఇంటి ఆడబడుచు ఆయుధం పట్టి దళంలో నడిచింది. ఆడబడుచు అనే పదానికి ఇంట్లో ఉన్న అర్థాన్ని ఆమె మార్చింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైంది.

దళాల్లో, కొరియర్లుగా, వంటవారుగా, రహస్యస్థావరాల కాపలాదారులుగా పనిచేసిన ఎందరో స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) పేరుతో ప్రచురించింది. స్వరాజ్యం కథనం కూడా అందులో ఉంది. దొరల ఇళ్లలోని దాసీతనం జ్ఞాపకాలు ఆ సంపుటంలో చెప్పేవారి సొంత గొంతుతో వినిపిస్తాయి. నవలలో ఆడబాపను దూరం నుండి చూసిన పాఠకుడు ఈ పుస్తకంతో కలిపి చదివితే పదం బరువు తెలుస్తుంది.

పదాలు వాడుక నుండి తొలగడానికి కారణాలు ఒక్కటే రకంగా ఉండవు. కాణీ, వీసం, మానెడు వంటివి కొలతలు మారడంతో పోయాయి. మోట పదాలు మోటారు పంపులతో పోయాయి. వీటిని గుర్తుచేసుకునేవారు కొంత బెంగతో, కొంత ముచ్చటతో గుర్తుచేసుకుంటారు. తాతకు మోట ఉండేదని మనవడు చెప్పుకుంటాడు. ఆడబాప విషయంలో ఆ ముచ్చట ఎవరికీ లేదు. దొరల వారసులకు అది చెప్పుకోవలసిన మాట కాదు. ఆడబాప వారసులకు అది వినవలసిన మాట కాదు, ఊరి నడుమ ఎవరైనా అంటే తలెత్తుకోలేని మాట. రెండు వైపుల నుండీ మౌనం పడిన పదమిది. మాండలికం మరుగున పడిందని వాపోయే జాబితాలో దీన్ని మోటతోపాటు చేర్చడం సరికాదు. దీన్ని మాన్పించడానికి మనుషులు ప్రయత్నించారు, కొందరు ప్రాణాలిచ్చారు.

కనుక ‘చిల్లర దేవుళ్లు’ నవలకు అర్థసూచిక తయారుచేసేవారు ఆడబాప పక్కన పనిమనిషి అని రాయడం ఉచితం కాదు. దొర కూతురి పెళ్లిలో అరణంగా ఇచ్చే ఆడపిల్ల, జీతమూ అప్పూ లేని గృహబానిస, దొర ఉంపుడుకత్తె కాక తప్పని స్త్రీ అని కొంచెం పొడవుగానే రాయాలి. ఆ పక్కనే ‘ఆడబడుచు’ చూడుము అని ఒక సూచన చేరిస్తే మంచిది. ఆ పదం నిఘంటువులన్నిటిలోనూ ఉంది.